ఎవరి నిద్రలో

మూడింటికి వస్తారట. గది చూడడానికి పై ఆఫీసు నుంచి అధికారి వస్తున్నాడని, బయటికెక్కడికీ పోకుండా మంచం మీద కూర్చుని ఉండమని పొద్దున్నే తాళాలావిడ వచ్చి చెప్పి వెళ్ళింది. మంచం మీద అన్న మాట రెండుసార్లు అంది. ఇప్పుడు రెండు దాటింది. కిటికీ చువ్వల నీడలు నేలమీద పాకుతూ వచ్చి మంచం కోడును తాకాయి, పైకి ఎక్కాలా వద్దా అని అడుగుతున్నట్టు అక్కడే ఆగాయి. కాజాలమ్మ తలుపుకి వీపు ఆనించి, మోకాళ్ళు గడ్డం దాకా లాక్కుని నేలమీదే కూర్చుని ఉంది, ఈ నలభై ఒక్క రోజుల్లో పగటిపూట ఎప్పుడూ కూర్చున్నట్టే. లోపలికి ఎవరొచ్చినా ముందు కంటపడేది ఆ మంచమే. దాని మీద తెల్ల దుప్పటి, దుప్పటి మీద పొట్లం విప్పిననాటి మడతలు, నిలువునా రెండు, అడ్డంగా మూడు, స్కేలు పెట్టి గీసినట్టు. దిండు మీద తల ఆనిన గుంట లేదు. అక్కకి నలిగిన గుడ్డంటే పడదు. బస్టాండు బెంచీ మీద పరుచుకునే పాత చీరని కూడా నాలుగు చెరగులూ సరిచూసి, అరచేత్తో నున్నగా రాసి అప్పుడు పడుకునేది. పడదు అనాలా, పడేది కాదు అనాలా అని ప్రతిసారీ కాజాలమ్మ మనసు ఒక్క క్షణం తడబడుతుంది, తడబడి మొదటి మాట దగ్గరికే వచ్చి ఆగుతుంది.

"పిన్నీ, నీకు దణ్ణం పెడతాను" అంది పొద్దున తాళాలావిడ, నడుముకున్న గుత్తి గలగలమంటుంటే. ఆ ఇంట్లో ముప్పై గదులు, ముప్పై మంది ఏళ్ళ తరబడి రోడ్డు మీద బతికినవాళ్ళు, అందరి తాళాలూ ఆవిడ నడుముకే. "ఆ మంచం మీద కాస్త దొర్లు. ఆ దిండు కాస్త నలుపు. ఆయన చూసేది అదే. ఎదురింటావిడ నీ మీద కాగితం రాసిచ్చింది తెలుసా? రాత్రంతా వరండాలో కూచుని వాళ్ళ గేటు వంకే చూస్తున్నావట. దొంగలకి కన్నేసి పెడుతున్నావట."

"వాళ్ళ గేటు నాకెందుకమ్మా?"

"నాకు తెలుసు. ఆయనకి తెలియాలిగా. గదిచ్చింది లోపల పడుకోవడానికి. వాడకం లేని గది అని ఒక్క ముక్క రాశాడంటే సాయంత్రానికి తాళం నా చేతికొచ్చేస్తుంది. నీ వెనక జాబితాలో నలభై మంది ఉన్నారు."

"నా వెనకా?"

"కాక నా వెనకా?" అని నవ్వి వెళ్ళిపోయింది, పక్క గదిలో రేడియో తగ్గించమని అరుస్తూ.

నా వెనక నలభై మంది. నా ముందు ఒకరు. తాళాలావిడకి జాబితాలో వెనకవాళ్ళే తెలుసు, కాజాలమ్మకి ముందున్న మనిషి తెలుసు. గదులు కడుతున్నారని చెప్పి కాగితాలు పట్టుకుని బస్టాండుకి వచ్చినావిడ తొమ్మిదో ప్లాట్‌ఫారం బెంచీ దగ్గర ఆగి, "ఇద్దరికీ కలిపి ఒక గది రాదు, మనిషికొకటి, ఎవరి పేరు ముందు రాయమంటారు?" అని అడిగినప్పుడు, "అక్క పేరు రాయండి, నాకు తొందరేం లేదు" అన్నది తనే. ఆ రోజు ఎంత గొప్పగా అనిపించిందో. ఇల్లు రాసిచ్చినంత గొప్పగా. అక్క మాత్రం కళ్ళు చిట్లించి ఆ వచ్చినావిడ చెప్పుల వంక చూసి తీర్పు చెప్పేసింది, "ఈవిడ మాట మీద నిలబడుతుందే. మడమ ఎక్కడా అరగలేదు." అందుకే అందరూ అక్కని జడ్జమ్మ అనేవాళ్ళు. బస్టాండులో రోజుకి వెయ్యి జతల కాళ్ళు బెంచీ ముందు నుంచి నడిచేవి, ఆవిడ ముఖాలు చూసేది కాదు, చెప్పులు చూసేది, చూసి శిక్షలు వేసేది. వీడికి పెళ్ళాం మీద చెయ్యి చేసుకున్నందుకు ఆరేళ్ళు. ఈ పిల్లకి తల్లికి చెప్పకుండా వచ్చేసినందుకు మందలించి విడుదల. ఇదిగో ఈయనకి ఉరి, కానీ పాపం చెప్పు తెగింది కదా, వదిలెయ్యండి. నవ్వలేక కాజాలమ్మకి కడుపు నొప్పొచ్చేది. అప్పటికి ఎన్నాళ్ళయిందో తను నవ్వక.

నీళ్ళ కుళాయి ఒక చుక్క వదిలింది. ఈ గదిలో కుళాయి ఉంది. దీపం ఉంది, లోపలి నుంచి గడియ పెట్టుకునే తలుపు ఉంది. మొదటి రోజు తాళాలావిడ గడియ పెట్టి చూపించి, "ఇక నిన్ను లెమ్మనేవాడు లేడు పిన్నీ" అంది. ఆ మాట గదిలో ఏదో మూల ఇంకా వేలాడుతూనే ఉంది. లెమ్మనేవాళ్ళు లేకపోతే మనిషి ఎలా లేస్తుంది? బస్టాండులో లెమ్మనేవాళ్ళకి కరువు లేదు. కర్రతో బెంచీ మీద టకటక కొట్టే కాపలావాడు, చీపురు కాళ్ళకి తగిలించే ఊడ్చేవాళ్ళు, తాగి తూలే మగాళ్ళు, అన్నిటికన్నా ముందు అక్క. అన్నగారింట్లో అయితే వదిన లేపేది, లేపకుండానే. ఇరవై రెండేళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టిన చేతులు కాజాలమ్మవి. చొక్కాకి ముందు ఏడు, చేతులకి రెండు, కాలరుకి ఒకటి, గుండీ దూరేంత సందు వదిలి చుట్టూ దారంతో కంచె కట్టడం. ఒకరోజు మిషన్ వచ్చింది, నిమిషానికి పది కాజాలు, చెమట పట్టదు, టీ అడగదు. అప్పటికే భర్త పోయి మూడేళ్ళు. అన్నగారింటికి వెళితే వదిన ప్రతి పొద్దుటా ఎంతో ఆదరంగా, "ఎన్నాళ్ళుంటావు వదినా, చెబితే నీకు కావలసినవి తెప్పిస్తాను" అనేది. అది లెమ్మనడమే. ఒకరోజు లేచింది. బస్టాండుకి వచ్చి తొమ్మిదో ప్లాట్‌ఫారం మీద కూర్చుంది, ఏ బస్సెక్కాలో తేల్చుకుందామని. బస్సులొచ్చాయి, పోయాయి. పక్కన కూర్చున్న ముసలావిడ ఆమె చెప్పుల వంక చూసి, "నువ్వెక్కవే" అంది. తీర్పు. పదకొండేళ్ళు ఎక్కలేదు.

"ఒసే కాజాలూ, మళ్ళీ ఆ పాత పురాణమేనా? మొగుణ్ణీ వదిననీ ఎన్నిసార్లు కోర్టుకి లాగుతావే?"

గొంతు మంచం వైపు నుంచే వస్తుంది, ఎప్పుడూ. కాజాలమ్మ అటు చూడదు. చూస్తే దుప్పటి మడతలు తప్ప ఏమీ కనపడవని తెలుసు, అంచేత చూడదు. చూడనంతసేపూ అక్క ఉంటుంది. గోడవైపు తిరిగి, కాళ్ళు ముడుచుకుని, సన్నగా గురకపెడుతూ, మధ్యలో గురక ఆపి ఒక తిట్టు తిట్టి మళ్ళీ గురకలో పడుతూ. ఇది అక్క గది. అక్క లోపల పడుకుంది. తను వాకిట్లో కాపలా. ఇందులో ఎవరికీ అర్థం కానిదేముంది? ఎదురింటావిడ గేటు వంక చూస్తోందట. గేటు కాదమ్మా, నేను చూసేది రోడ్డుని. వచ్చేదేదైనా రోడ్డు మీద నుంచే రావాలి. పైకప్పు మీద నుంచి ఏదీ రాదు. ఎదురింటావిడ మొదటి వారం వాకిట్లో చెప్పులన్నీ లోపలికి తీసుకెళ్ళి పెట్టుకుంది, రెండోవారం మొక్కల కుండీలు గోడ లోపలికి జరిపింది. మా వీధిలో ఇలాంటి ఇల్లు వద్దని మొదట్లో గడప గడపకీ తిరిగి సంతకాలు పెట్టించిందట కూడా. అక్క ఉంటే ఆవిడకి ఏం శిక్ష వేసేదో. వెయ్యదు. "చెప్పులు దాచుకునేదంటే పాపం ఎప్పుడో పోగొట్టుకున్నదేనే" అంటుంది. అక్క శిక్షలన్నీ అలాగే ఉంటాయి, చివరికి వచ్చేసరికి కేసు కొట్టేస్తుంది.

అందరికీనా?

నీడలు కోడు ఎక్కాయి. పక్క గదిలో రేడియో ఆగింది, అంటే అక్కడికి వచ్చారేమో, కాదు, మనిషి లేచి స్నానానికి పోయాడు, నీళ్ళ చప్పుడు. ఇంకా టైముంది. కుడి చేతి మణికట్టు తనకి తెలియకుండానే ఎడమ చేతిలోకి వచ్చింది, బొటనవేలు అక్కడ అటూ ఇటూ రాస్తోంది. అక్కడేమీ లేదిప్పుడు. నాలుగు రోజులుండి పోయింది ఎర్రటి గీత. మనిషి ఒంటికి ఎంత మరుపో. ఆడవాళ్ళిద్దరు బస్టాండులో పడుకోవాలంటే ఇద్దరూ పడుకోకూడదు, ఒకరు పడుకోవాలి, ఒకరు మేలుకోవాలి. అది అక్క పెట్టిన చట్టం. ఊడ్చేవాళ్ళు మొదటిసారి ఊడ్చేదాకా ఒకరు, తర్వాత ఇంకొకరు. దారం ఆలోచన మాత్రం కాజాలమ్మది. గుండీలు కుట్టే దారం, మూడు పేటలు పేనితే బండినైనా లాగుతుంది. ఆ దారం ఒక కొస పడుకున్నావిడ చేతికి, ఒక కొస మేలుకున్నావిడ చేతికి. పడుకున్నావిడ ఉలిక్కిపడినా, ఎవరైనా లాగినా, ఒంట్లో బాగోకపోయినా అరవక్కర్లేదు, చెయ్యి కదిపితే చాలు. "కుక్కకీ గొలుసు, మనకీ గొలుసు" అని అక్క మొదట వెక్కిరించింది. తర్వాత దారం కట్టందే పడుకునేది కాదు. ఎన్నిసార్లో అర్థరాత్రి ఊరికే లాగేది. ఏమక్కా అంటే, "ఉన్నావా లేదా అని" అని మళ్ళీ కళ్ళు మూసుకునేది.

ఉన్నావా లేదా అని.

ఆ రోజు పని దొరికింది కదా. పని దొరకడం మంచిదే కదా. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట ఒక మనిషి రాలేదని పిలిచారు, పొద్దున్నుంచి చీకటి పడేదాకా తడి దుప్పట్లు పిండి ఎత్తి తీగల మీద వెయ్యడం, ఒక్కో దుప్పటి ఒక్కో శవమంత బరువు. భుజాలు ఊడిపోయాయి. వచ్చి కూర్చుంటే అక్క మొహం చూసి, "ఇవాళ నువ్వు పడుకోవే, నేను కాస్తాను" అంది. అక్కకి రెండు రోజులుగా ఎడమ చెయ్యి లాగుతోంది, చెమటలు పడుతున్నాయి, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కాజాలమ్మే పౌరుషానికి పోయింది. "నువ్వు పడుకో అక్కా, నాకేం నిద్ర రావట్లేదు." అబద్ధం. కళ్ళలో ఇసుక పోసినట్టుంది. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. సుఖమే కాదు, నిద్ర అక్కని కూడా ఎరగలేదు. బెంచీ కొసకి తల ఆనించింది, ఒక్క క్షణం, తొమ్మిదో నంబరు మీది దీపాన్ని చూస్తూ. తర్వాత చీపురు చప్పుడు. తెల్లగా తెల్లారిపోయింది. చెయ్యి మండుతోందేమిటా అని చూసుకుంటే మణికట్టు చుట్టూ దారం చర్మంలోకి దిగి ఎర్రగా గీత, ఒక చోట నెత్తురు కూడా చిమ్మింది. దారం రెండో కొస అక్క చేతికి మామూలుగా లేదు. వేళ్ళకి మూడు చుట్లు చుట్టుకుని ఉంది. లాగడానికి పట్టు దొరకాలని మనిషి చుట్టుకుంటుందే, అలాగ.

ఎన్నిసార్లు లాగిందో. మొదట మెల్లగా లాగి ఉంటుంది. పాపం అలిసిపోయింది, పడుకోనీలే అని ఆగి ఉంటుంది. తర్వాత గట్టిగా. తర్వాత చుట్టుకుని. నెత్తురు వచ్చేంత లాగితే కూడా లేవని మనిషి బతికున్నట్టా? బండి వచ్చింది, ఆసుపత్రి మనిషి గుండె మీద ఏదో పెట్టి చూసి, "గుండె ఆగిందమ్మా, నిద్రలోనే పోయింది. నొప్పి తెలిసి ఉండదు. పుణ్యాత్మురాలు" అన్నాడు, ఎంతో దయగా. అప్పటికే కాజాలమ్మ ఆ వేళ్ళ చుట్టూ ఉన్న దారం విప్పేసి గుప్పిట్లో దాచుకుంది. తల ఊపింది. అందరూ అదే అన్నారు, టీ అమ్మేవాడూ, ఊడ్చేవాళ్ళూ, కాపలావాడూ, నిద్రలోనే పోయింది, నిద్రలోనే పోయింది, ఎంత అదృష్టవంతురాలో అని. ఎవరి నిద్రలో అని ఎవరూ అడగలేదు.

ఎనిమిది రోజుల తర్వాత కాగితాలావిడ వచ్చింది. గది ఖాళీగా ఉందని అక్క పేరు పిలిచింది. పక్కనున్న టీ అమ్మేవాడు విషయం చెప్పాడు. కాగితాలావిడ అయ్యో అని, ఒక గీత కొట్టి, వేలు ఒక వరస కిందికి దించి తర్వాతి పేరు చదివింది. అది కాజాలమ్మ పేరు. ఒక రాత్రి నిద్రకి ఒక గది. ఎవరైనా బజారులో ఇంత చవగ్గా కొనగలరా?

మెట్ల మీద గుత్తి గలగలమంది.

కాజాలమ్మ లేచింది. మోకాళ్ళు పట్టేశాయి. కూర్చో, మంచం మీద కూర్చో, గది పోతే అక్క ఎక్కడుంటుంది, నలభై మందిలో ఎవరో వచ్చి ఆ దిండు మీద తల పెట్టి నలిపేస్తారు, గురకపెట్టే మనిషిని లేపేస్తారు, మళ్ళీ రోడ్డు మీదికి, ఈసారి చేతికి దారం కూడా లేకుండా. మంచం దగ్గరికి వెళ్ళింది. ఒక చెయ్యి దుప్పటి మీదికి చాపి, ఆనించలేక గాలిలోనే ఆపింది.

"జరగనా?" అంది అక్క. తిట్టలేదు. "ఇరుకైతే చెప్పు, గోడవైపు జరుగుతాను."

చెయ్యి వెనక్కి తీసుకుంది. తలుపు తీసేసరికి అధికారి గుమ్మంలో ఉన్నాడు, ఆయన వెనక తాళాలావిడ. కళ్ళు అలవాటుగా కిందికే పోయాయి. నల్ల బూట్లు, తాళ్ళు ఒకటి ముడి, ఒకటి ఊడిపోయి వేలాడుతోంది, పొద్దున తొందరలో బయల్దేరిన మనిషి. ముఖం కూడా అలాగే ఉంది, అలిసిపోయి, మంచిగా. అట్టకి బిగించిన కాగితం, కలం.

"కుళాయి పనిచేస్తోందా అమ్మా? దీపం? గడియ?"

"అన్నీ బాగున్నాయండి."

ఆయన మంచం వంక చూశాడు. దుప్పటి మడతల వంక, నిలువునా రెండు, అడ్డంగా మూడు, చూసి కలం ఎత్తి ఆగాడు. తాళాలావిడ ఆయన వెనక నుంచి కళ్ళు మూసి చెంప కింద చెయ్యి పెట్టి సైగ చేసింది, పడుకున్నానని చెప్పు అని. ఆయన కలం ఎత్తే ఉంది.

"నిజం చెప్పమ్మా. నిన్ను పంపించెయ్యాలని నాకేం సరదా లేదు. ఎదురింటివాళ్ళు ఒకటి చెబుతారు, వీళ్ళొకటి చెబుతారు. నువ్వు చెప్పు. కాపలా కూర్చున్నట్టు కూర్చుంటావట కదా. ఒక్కసారి, ఒక్కసారైనా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయావా?"

ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. రెండు నెలలుగా దయగా మాట్లాడిన వాళ్ళలో ఒక్కరు కూడా అడగలేదు. మంచం వైపు నుంచి గురక ఆగింది.

"పోయాను" అంది కాజాలమ్మ.

"ఏమిటమ్మా?"

"నిద్రపోయానండి. ఒక్కసారి. పోకూడదు, పోయాను."

"పోకూడదేమిటి?" ఆయన నవ్వాడు. "అందుకేగా ఇదంతా. ఎంతసేపు పట్టింది?"

"తెల్లారేదాకా. లేపినా లేవలేదు. ఎంత లేపినా."

"నేనే సార్" అంది తాళాలావిడ, గుమ్మంలోంచి గబగబా. "తలుపు ఇరగ్గొట్టినంత పని చేశాను. ఉలుకూ పలుకూ లేదు."

"లేపినా లేవనంత నిద్రా!" ఆయన తల ఊపుతూ కాగితం మీద ఏదో రాశాడు. "అదృష్టవంతురాలివమ్మా. మా ఇంట్లో పరుపు మీద నాకే పట్టదు. ఒకసారి పట్టిందంటే ఇక అదే అలవాటవుతుందిలే. దుప్పటి మాత్రం భలే సర్దుకుంటావు." కలానికి మూత పెట్టి, "వాడకంలో ఉంది" అని తాళాలావిడతో అని పక్క గదికి నడిచాడు, ఊడిన తాడు మెట్టు అంచుకి తగులుతూ.

తాళాలావిడ ఒక్క అడుగు వెనక్కి వేసి కాజాలమ్మ భుజం గిల్లింది. "భలే అల్లావే పిన్నీ! కళ్ళనీళ్ళు కూడా తెప్పించావ్. నాకే నమ్మబుద్ధేసింది." చెంగుతో తన ముఖం తుడుచుకుని, గుత్తి గలగలమనిపించుకుంటూ వెళ్ళిపోయింది. పక్క గది తలుపు చప్పుడయింది. కుళాయి పనిచేస్తోందా బాబూ. దీపం. గడియ.

కాజాలమ్మ తలుపు మూసి లోపలే నిలబడింది. గది దక్కింది. చెప్పేసింది. ఒకరికి సంతోషమనిపించింది, ఒకరికి గడుసు అబద్ధమనిపించింది. చెప్పాల్సిన మనిషి ఒక్కతే ఉంది, ఆమెకి వినిపించిందో లేదో. "అక్కా" అంది, మెల్లగా, అటు తిరక్కుండా. శిక్ష ఏదైనా సరే అనుకుంది. ఆరేళ్ళు, ఉరి. తిట్టినా సరే. బదులు లేదు. నలభై ఒక్క రోజుల్లో మొదటిసారి మంచం వైపు నుంచి తిట్టు లేదు, గురక లేదు, ఎదురింటావిడ మీద ఒక వెటకారం లేదు. జడ్జి లేచి వెళ్ళిపోయిన కోర్టులా ఉంది గది. అలిగిందా, ఇంకా ఆలోచిస్తోందా, లేక అందరూ అన్నట్టు నిజంగానే, ఇప్పుడు, ఇక్కడ, నిద్రపోయిందా. ఏ సంగతీ తెలియలేదు. తెలుసుకోవాలంటే అటు తిరగాలి.

తిరిగింది. తెల్లటి దుప్పటి మీద మూడింటి ఎండ పడి ఉంది. నిద్రపోతున్న మనిషిని లేపకుండా పక్కన కూర్చునేవాళ్ళలా, ఊపిరి బిగబట్టి, ముందు అరచెయ్యి ఆనించి, తర్వాత ఒంటి బరువంతా కొద్దికొద్దిగా దించుతూ మంచం అంచు మీద కూర్చుంది.